గుంపులో ఒక చేయి

ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో విజయవాడ గుణదల దారుల నిండా జనమే. రాత్రంతా నడిచొచ్చినవాళ్లు, చంటిపిల్లల్ని చంకనేసుకుని మెట్లెక్కేవాళ్లు, తలనీలాలిచ్చి గుండు మీద తడి ఆరకముందే కొబ్బరికాయ బేరమాడేవాళ్లు. మరియమాత స్వరూపం దగ్గర కరిగిన మైనం అరికాళ్లకు అంటుకుంటుంది. వచ్చినవాళ్లలో కథోలికులెందరు, హిందువులెందరు అని ఎవరూ అడగరు. 1924లో ఫాదర్ అర్లాటి అనే ఇటలీ గురువు అనాథ పిల్లల ఆశ్రమం పక్కనున్న కొండ మీద ఈ స్వరూపాన్ని నిలిపారు. ఆశ్రమం పిల్లల కోసం మొదలైన భక్తి జాతరగా ఎదిగింది.

ఈ జాతర చూసి మొహం చిట్లించేవాళ్లు రెండు రకాలు. ఇతర సంఘాల క్రైస్తవ మిత్రులు ‘ఇదంతా బైబిల్లో ఎక్కడుంది’ అంటారు. చదువుకున్న కథోలికులు కాస్త గొంతు తగ్గించి ‘మూఢభక్తి అండీ’ అంటారు. ఇద్దరికీ మత్తయి సువిశేషం ఆరో అధ్యాయం కంఠతా వచ్చు. తలుపేసుకుని రహస్యంగా ప్రార్థించమని, మాటలు పెంచితేనే దేవుడు వింటాడని అనుకోవద్దని ప్రభువు చెప్పింది అక్కడే. కాదనను. ఉపవాసమున్నట్టు నలుగురికీ తెలియకుండా మొహం కడుక్కోమన్న సువిశేషాన్ని విభూది బుధవారం చదివి, ఆ వెంటనే నొసట బూడిద పెట్టించుకుని వీధిలోకొచ్చే వాళ్లం మేము! అయినా ఆ మెట్ల మీద నాకు గుర్తొచ్చేది మార్కు అయిదో అధ్యాయం.

ఆ అధ్యాయంలో పన్నెండేళ్లుగా రక్తస్రావంతో బాధపడుతున్న ఒక స్త్రీ ఉంది. పేరు రాయలేదు. ఉన్నదంతా వైద్యులకు పోసింది, జబ్బు ఇంకా ముదిరిందే తప్ప తగ్గలేదని మార్కు మొహమాటం లేకుండా రాశాడు. అదే కథ చెప్పిన లూకా వైద్యుల సంగతి బాగా మెత్తబరిచాడు. లూకా స్వయానా వైద్యుడని సంప్రదాయం, మరి వృత్తి అభిమానం ఉండదా! లేవీయకాండము పదిహేనో అధ్యాయం ప్రకారం ఆమె కూర్చున్న చోటు, పడుకున్న పక్క, అన్నీ మైలే. అలాంటి మనిషి గుంపులోకి రావడమే తప్పు. ఆమె వచ్చింది. ముందునుంచి రాలేదు, వెనకనుంచి వచ్చింది. క్రీస్తు బట్ట తగిలితే చాలు, నయమవుతుందనుకుంది.

ఆ అనుకోవడంలో వేదాంతం ఏముంది? తాయెత్తు కట్టించుకునే తల్లి నమ్మకానికీ, స్వరూపానికి చీర కొంగు తాకించి బిడ్డ తల తుడిచే తల్లి నమ్మకానికీ దీనికీ నాకు పెద్ద తేడా కనబడదు. ఇప్పటి మా పెద్దమనుషులు ఆ గుంపులో ఉంటే ఆమెను పక్కకు పిలిచి, ముందు ఉపదేశం నేర్చుకుని రమ్మనేవాళ్లు. క్రీస్తు మొదట స్వస్థత ఇచ్చాడు. పాఠం గీఠం ఏదైనా ఉంటే తర్వాత. పోప్ ఫ్రాన్సిస్ 2013లో సువార్తానందం గురించి రాసిన లేఖలో, విశ్వాస సంగ్రహం చెప్పడం కూడా రాకపోయినా జబ్బుపడ్డ బిడ్డ మంచం పక్కన జపమాల గట్టిగా పట్టుకుని కూర్చునే తల్లుల్ని తలుచుకున్నారు. అది దేవుడి మీద విశ్వాసమేనని ఆయన తీర్పు. నాదీ అదే.

అయితే కథ అక్కడ ఆగలేదు. మేము మాత్రం అక్కడే ఆగిపోతున్నాం.

స్వస్థత దొరికింది, ఆమె చల్లగా జారుకోవచ్చు. ఆయనే ఆగాడు. నన్ను తాకిందెవరని అడిగాడు. ఇంతమంది మీద పడుతుంటే ఈ ప్రశ్నేమిటని శిష్యులు విసుక్కున్నారు. ఆయన చుట్టూ చూస్తూనే ఉన్నాడు. ఆయన్ని తన ఇంటికి తీసుకెళ్తున్న ప్రార్థనా మందిరం పెద్ద యాయీరు పక్కనే నిలబడి ఉన్నాడు. చావుబతుకుల్లో ఉన్న అతని కూతురికి పన్నెండేళ్లు. అంటే ఈమె జబ్బు వయసూ ఆ పిల్ల వయసూ ఒకటే. అతనికి ఒక్కో క్షణం ఎలా గడిచి ఉంటుందో ఆడపిల్ల తండ్రులకు చెప్పక్కర్లేదు. అంత తొందరలో అంత పెద్దమనిషిని నిలబెట్టి, ఊరు పేరు లేని ఒక మైల మనిషి కోసం ఆగాడాయన. ఆమె వణుకుతూ వచ్చి కాళ్లమీద పడి, జరిగిందంతా దాచకుండా చెప్పింది. అప్పుడు ఆయన ఆమెను కుమారీ అని పిలిచాడు. నాలుగు సువిశేషాల్లో ఆయన ఒక స్త్రీని అలా పిలిచింది ఇక్కడొక్కచోటే. దొంగతనంగా పట్టుకుపోయే స్వస్థత ఆమెకు చాలదని, ఆమెకో తండ్రి కావాలని ఆయనకు తెలుసు.

గుణదలలో నన్ను ఇబ్బంది పెట్టేది కొబ్బరికాయ కాదు, గుండూ కాదు. మొక్కు తీరగానే లెక్క చెల్లయిపోవడం. ఉద్యోగమొచ్చింది, కొవ్వొత్తి వెలిగించాం, మళ్లీ కష్టమొచ్చేదాకా ఎవరి దారి వారిది. పండుగ రోజుల్లో గురువులు పాపసంకీర్తనాలు వింటూ కూర్చుంటారు. జరిగిందంతా దాచకుండా చెప్పుకునే చోటు అది. నేను చూసినంతలో ఆ వరుస కొవ్వొత్తుల వరుస కంటే ఎప్పుడూ చిన్నదే.

గుణదల పండుగకు మూలమైన లూర్దు కథలో మాత్రం లెక్క చెల్లయిపోవడమనేది లేదు. 1858 ఫిబ్రవరి 11న మరియమాతను చూసిన బెర్నదెత్త ఓ పేద మిల్లరు కూతురు, పద్నాలుగేళ్ల ఉబ్బసం రోగి. ఈ లోకంలో నిన్ను సుఖపెడతానని మాటివ్వను, పరలోకంలో అయితే ఇస్తానని ఆ తల్లి ఆమెకు ముందే చెప్పేసింది. లూర్దులోని ఊట దగ్గర ఎందరో బాగుపడ్డారు. బెర్నదెత్త మాత్రం నెవేర్ మఠంలో చాలాకాలం జబ్బుతో తీసుకుని 1879లో, 35 ఏళ్లకే కన్నుమూసింది. ఆమెను 1933లో శ్రీసభ పునీతురాలిగా ప్రకటించింది. అడిగింది దొరకనివాళ్లూ ఆ తల్లి బిడ్డలేనని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఇంకొక్క మాట, ఇది గురువులకు. మా ఇళ్లలో నెలసరి వచ్చిన ఆ అయిదు రోజులూ జపమాల ముట్టని, దివ్యసత్ప్రసాదానికి లేవని స్త్రీలు ఇప్పటికీ ఉన్నారు. శ్రీసభ చట్టంలో అలాంటి నిషేధం ఏదీ లేదు. ఇరుగుపొరుగు అలవాటు ఇంట్లోకొచ్చింది, ఇంట్లోంచి గుడిలోకొచ్చింది. దానికి మార్కు అయిదో అధ్యాయాన్ని మించిన మందు లేదు. అది మూడేళ్లకోసారి సామాన్యకాలం పదమూడో ఆదివారం పూజలో వస్తుంది. 2024 జూన్ 30న వచ్చింది, మళ్లీ 2027 జూన్ 27న వస్తుంది. చిక్కేమిటంటే, పాఠం పొడవైందని పఠన గ్రంథంలో కుదించి చదువుకునే వీలు కూడా ఇచ్చారు. ఆ కుదించిన పాఠంలో యాయీరు ఉంటాడు, అతని కూతురు ఉంటుంది, రక్తస్రావం స్త్రీ ఉండదు. ప్రభువు ఆమె కోసం దారిలో ఆగాడు. పూజ అయిదు నిమిషాలు ఆలస్యమైనా ఫర్వాలేదు ఫాదర్, ఆ రోజు పాఠం మొత్తం చదవండి.