దారి చివర తోడు

పరదేశ ప్రయాణంలో చివరి రెండు మూడు రోజుల తీరు వేరు. వెళ్లిన పని అయిపోతుంది. పెట్టెలు సగం సర్ది ఉంటాయి. తిరుగు టికెట్టు తేదీ మనసులో మెదులుతూనే ఉంటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక స్నేహితుడు వచ్చి, చూడవలసినవి ఇంకా మిగిలాయంటూ బయటికి తీసుకువెళతాడు. అది కొండ కావచ్చు, జలపాతం కావచ్చు, గుడి కావచ్చు. ఎల్లుండి వదిలి వెళ్లే చోటును ఈరోజు చూడటం వల్ల మనిషికి మిగిలేదేమిటి? ఆ చూపు కంటికి దొరికిన విందు మాత్రమేనా, లేక దర్శనమని పిలవదగిన లోతు దానిలో ఉందా? పక్కన స్నేహితుడు ఉంటే ఆ చూపులో మారేదేమిటి? ఇవి విహారయాత్రకు సంబంధించిన చిన్న సందేహాల్లా కనిపిస్తాయి. కానీ ఇంద్రియసుఖం, జ్ఞాపకం, వియోగం, ధర్మం అనే నాలుగు పెద్ద విషయాలు వీటిలో కలిసి ఉన్నాయి.

ఈ సందేహాలను ఒక ఊరి నుంచి మొదలుపెట్టి చూద్దాం. హైదరాబాదుకు ఉత్తరాన, కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట దాటగానే అలియాబాద్ వస్తుంది. ఈ ప్రాంతానికి పరదేశం ఇప్పుడు దూరపు మాట కాదు. తుర్కపల్లి చుట్టూ జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలలు, శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, జవహర్‌నగర్ వైపు బిట్స్ ప్రాంగణం ఉన్నాయి. చదువుల కోసం, ఉద్యోగాల కోసం విదేశాలకు వెళ్లేవాళ్లూ, వాళ్లను చూడటానికి వెళ్లే తల్లిదండ్రులూ శామీర్‌పేట కూడలిలో ఔటర్ రింగు రోడ్డెక్కి శంషాబాద్ విమానాశ్రయానికి చేరుకుంటారు. వెళ్లేదీ, తిరిగి వచ్చేదీ ఒకే దారి. తీర్థానికైనా, దేశాంతరానికైనా పోయివచ్చే మనిషి గురించి మన సంప్రదాయం ఆలోచించిన పద్ధతిని ఈ దారికీ అన్వయించి చూడవచ్చు.

చూడటం, దర్శనం

తెలుగులో రెండు మాటలున్నాయి. ఊరు చూసి వచ్చామంటారు. దేవుణ్ణి దర్శించుకున్నామంటారు. దర్శనం అనే సంస్కృత పదానికి మూలం ‘దృశ్’ ధాతువు. దాని అర్థమూ చూడటమే. సాంఖ్య, యోగ, న్యాయ, వైశేషిక, మీమాంస, వేదాంతాలను షడ్దర్శనాలంటారు. అంటే తత్త్వశాస్త్రానికే చూపు అని పేరు పెట్టారు. రెండు చూపుల్లోనూ కన్ను ఒకటే. తేడా చూసేవాడి స్థితిలో ఉంది. చూసినదాన్ని సొంతం చేసుకోవాలనే ఆరాటం ఉంటే అది ఇంద్రియాల పని. చూసినదాని ముందు తాను కొంత తగ్గి నిలబడితే దర్శనం మొదలవుతుంది.

మహాభారతం అరణ్యపర్వంలో పులస్త్యుడు భీష్ముడికి తీర్థాల గురించి చెప్పేటప్పుడు ఈ సంగతే ముందుగా చెబుతాడు. చేతులు, కాళ్లు, మనసు అదుపులో ఉన్నవాడికే తీర్థఫలం దక్కుతుందని ఆయన మాట. ఎన్ని తీర్థాలు తిరిగాడన్న లెక్క ఆ తరువాతిది. విషయాల స్పర్శ వల్ల కలిగే సుఖదుఃఖాలు వచ్చిపోయేవని భగవద్గీత రెండో అధ్యాయం చెబుతుంది. యాత్ర చివరి రోజుల్లో ఈ బోధ పుస్తకం విప్పకుండానే అర్థమవుతుంది. చూస్తున్నది ఎదుట ఉండగానే పోతున్నదని తెలుస్తూ ఉంటుంది. ఆ తెలివి ఇద్దరిని రెండు దారుల్లో నడిపిస్తుంది. ఒకడు తొందరపడి మరో నాలుగు చోట్లు చుట్టేస్తాడు. మరొకడు ఒక్కచోట నిదానంగా నిలుస్తాడు.

బాటసారికి మిత్రుడెవరు?

ఈ ప్రశ్నను భారతం సూటిగానే అడిగింది. ద్వైతవనంలో కొలను ఒడ్డున నలుగురు తమ్ములు పడి ఉండగా యక్షుడు ధర్మరాజుకు వరసగా ప్రశ్నలు వేస్తాడు. ప్రవాసంలో ఉన్నవాడికి మిత్రుడెవరు, ఇంట ఉన్నవాడికి ఎవరు, రోగికి ఎవరు, మరణానికి దగ్గరైనవాడికి ఎవరు అన్నవి వాటిలో నాలుగు. బాటసారికి సార్థం, గృహస్థుకు భార్య, రోగికి వైద్యుడు, మరణించబోయేవాడికి దానం అని ధర్మరాజు జవాబిస్తాడు. సార్థం అంటే కలిసి ప్రయాణించే బృందం. చాణక్యనీతి మాత్రం ప్రవాసంలో విద్యే మిత్రమంటుంది. ఈ రెండు జవాబులకూ పొంతన ఉంది. విద్య ఉన్నవాడికి చూసినది తెలుస్తుంది. తోడు ఉన్నవాడికి ఆ తెలిసినది చెప్పుకొనే చోటు దొరుకుతుంది. ఏడడుగులు కలిసి నడిస్తే స్నేహం కుదురుతుందన్న పాత నమ్మకంలోనూ స్నేహానికి కొలత నడకే. పెళ్లిలో సప్తపదికి ఉన్న అర్థం కూడా ఇదే.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లిన తల్లిదండ్రుల విషయంలో ఈ సార్థం ఎలా ఏర్పడుతుందో కంటికి కనిపిస్తుంది. వాళ్లకు సాధారణంగా ఆరు నెలల గడువు దొరుకుతుంది. కారు లేనిదే కాలు కదలని ఊళ్లలో, సాయంత్రం పార్కు నడకలో మరో తెలుగు పెద్దాయన తారసపడతాడు. మీది ఏ ఊరని మొదలైన మాట వారం తిరిగేసరికి అన్నగారూ, వదినగారూ అని పిలుచుకొనే వరసలోకి వస్తుంది. తిరుగు ప్రయాణం దగ్గరపడ్డాక రెండు కుటుంబాలూ కలిసి నయాగరా వెళతాయి. పడవెక్కే ముందు ఇచ్చిన నీలిరంగు ప్లాస్టిక్ కోటు చీర మీద నిలవదు. ఒకావిడ మరొకావిడకు తల మీదికి టోపీ లాగి, గడ్డం కింద ముడి వేస్తుంది. పడవ జలపాతం దగ్గరికి వెళ్లాక హోరులో మాట వినిపించదు, తుంపరలో కళ్లద్దాలు మసకబారతాయి. అన్నగారు చెయ్యి చాపి ఒక వైపు చూపిస్తారు. రెండో ఆయన అటు తిరుగుతారు. అప్పటివరకు చూడనిది ఆయనకు కనబడుతుంది. తన కంటితో చూసినా, ఆ చూపు మరొకరు ఇచ్చినది.

వీరాస్వామి ఉత్తరాలు

తోడు పక్కనే ఉండాలన్న నియమం లేదని తెలుగువారి తొలి యాత్రాగ్రంథాలలో ఒకటి రుజువు చేసింది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న కాశీకి బయలుదేరాడు. వెంట దాదాపు వందమంది పరివారం ఉంది. కడప, శ్రీశైలం మీదుగా నిజాము రాజ్యంలోని హైదరాబాదు చేరి, అక్కడి నుంచి ఉత్తరంగా నాగపూరు దారి పట్టాడు. ప్రయాగ, కాశీ, గయ, కలకత్తా చూసుకొని తూర్పుతీరం వెంట దిగి, 1831 సెప్టెంబరు 3న మద్రాసు చేరాడు. ఈస్టిండియా కుంపిణీ పాలన ఉన్న నేలను వదిలి మరో ప్రభువు నేల మీద అడుగుపెట్టడం ఆనాటి బాటసారికి దేశం మారడమే.

ఆ పదిహేను నెలలూ ఆయన తాను చూసినవాటిని మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు రాసి పంపాడు. మజిలీల దూరాలు, నీటి వసతి, ధరలు, కోవెలలు, జనుల నడవడి అన్నీ అందులో ఉన్నాయి. మధ్యమధ్య మతతత్త్వాల మీద విచారణ కూడా ఉంది. మజిలీ దిగిన ప్రతి ఊరినీ, మద్రాసులో ఉన్న మనిషికి ఇది ఎలా చెప్పాలి అన్న ఎరుకతో చూసినవాడి రాత అది. అలాంటి ఎరుక చూపును నిలకడగా ఉంచుతుంది. వీరాస్వామి 1836లో కన్నుమూశాడు. 1838లో శ్రీనివాసపిళ్ల ఆ ఉత్తరాలను ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చువేయించాడు. యాత్ర చేసినవాడు పోయాక యాత్ర మిగిలింది. దాన్ని దాచి ఉంచినవాడు స్నేహితుడు.

జ్ఞాపకాన్ని మేల్కొలిపేది

న్యాయశాస్త్రం జ్ఞాపకాన్ని వివరించిన పద్ధతి ఇక్కడ అక్కరకు వస్తుంది. అనుభవం జరిగిపోతుంది. అది ఆత్మలో ఒక సంస్కారాన్ని వదిలి వెళుతుంది. ఆ సంస్కారం నిద్రాణంగా ఉంటుంది. దాన్ని లేపే కారణాన్ని ఉద్బోధకం అంటారు. పోలిక ఉన్న వస్తువు, కలిసి చూసిన మనిషి, ఒక వాసన, ఏదైనా ఉద్బోధకం కావచ్చు. అది తగిలినప్పుడే స్మృతి పుడుతుంది.

ఈ లెక్కన యాత్ర చివరి రోజుల్లో స్నేహితుడి పాత్ర స్పష్టమవుతుంది. ఫోటో ఆనాటి దృశ్యంలో ఒక ముక్కను చూపుతుంది. స్నేహితుడి గొంతు ఆనాటి మనిషినే లేపుతుంది. ఆ రోజు ఎండ ఎలా కాసింది, ఎవరు అలిసిపోయారు, ఏ మాటకు నవ్వారు, ఎందుకు ఒక్కసారిగా మౌనంగా ఉండిపోయారు అన్నవన్నీ అతనితో పాటు తిరిగి వస్తాయి. కాబట్టి కలిసి చూసిన చోటు రెండు సంస్కారాలుగా, రెండు హృదయాల్లో నాటుకుంటుంది. ఒకటి మసకబారితే రెండోది లేపుతుంది. అనిత్యమైన దృశ్యానికి మనిషి ఇవ్వగల ఆయుష్షు ఇంతే. ఇది తక్కువదేమీ కాదు.

ఆలస్యంగా వచ్చిన లింగాలు

చివరి రోజుల్లో పుట్టే దిగులుకు అలియాబాద్ పరిసరాల్లోనే ఒక కథ ఉంది. ఔటర్ మీద శామీర్‌పేట తరువాతి కూడలి కీసర. కీసరగుట్ట మీద రామలింగేశ్వరాలయం ఉంది. స్థలపురాణం ప్రకారం రాముడు ఇక్కడ శివప్రతిష్ఠ సంకల్పించి, లింగం కోసం హనుమంతుణ్ణి కాశీకి పంపాడు. ముహూర్తం మించిపోతున్నా హనుమంతుడు రాలేదు. శివుడే లింగాన్ని అనుగ్రహించగా రాముడు దాన్ని ప్రతిష్ఠించాడు. నూటొక్క లింగాలతో వచ్చిన హనుమంతుడు కార్యం అయిపోవడం చూసి చిన్నబోయి వాటిని విసిరేశాడు. గుట్ట మీద ఆరుబయట ఇప్పటికీ కనిపించే లింగాలు అవేనని భక్తుల విశ్వాసం. రాముడు అతణ్ణి ఓదార్చి, ఆ కొండ కేసరి కొడుకైన అతని పేరు మీద కేసరిగిరిగా నిలుస్తుందని వరమిచ్చాడట. ఆ మాటే కీసర అయిందంటారు.

ప్రయాణం చేసినవాడికి సమయం చాలదు. తెచ్చినది అనుకున్న పీఠం మీదికి ఎక్కదు. అయినా అతని ప్రయాసను గుర్తించిన ఆప్తుడు ఉంటే ఆ ప్రయాస వ్యర్థం కాదు. చూడకుండా మిగిలిపోయిన చోట్ల గురించి బాధపడే ప్రతి యాత్రికుడికీ ఈ కథ సమాధానం చెబుతుంది.

యాత్రను ముగించే పద్ధతి

మతాలు యాత్రకు ఒక ముగింపు ఏర్పాటు చేశాయి. హైదరాబాదు నాంపల్లి హజ్ హౌస్ నుంచి బయలుదేరే హాజీలు మక్కా విడిచే ముందు కాబా చుట్టూ చివరి ప్రదక్షిణ, తవాఫె విదా చేస్తారు. ఇల్లు చేరాక జమ్‌జమ్ నీళ్లు, ఖర్జూరాలు ఇరుగుపొరుగుకు పంచుతారు. కాశీకి వెళ్లినవారు మూతి బిగించిన చిన్న రాగి చెంబులో గంగ తెస్తారు. ఇంట్లో కాశీ సమారాధన నాడు పీట మీద ముగ్గు వేసి, చెంబుకు పసుపు కుంకుమ పెట్టి, మూత ఊడదీస్తారు. పొరుగువారు కుడి అరచెయ్యి గుంటచేసి పడతారు. ఉద్ధరిణెడు నీళ్లు అందులో పడతాయి. తాగిన చెయ్యి తలకు రాసుకుంటారు. కాశీ దారం చేతికి కట్టించుకుంటారు. అలియాబాద్ పేరులోని ఆబాద్ అన్న మాటకు జనం నిలిచిన చోటు అని అర్థం. అలా జనం నిలిచిన ఊరికి, వెళ్లలేనివారి అరచేతుల్లోకి యాత్రాఫలం చేరడంతోనే యాత్ర పూర్తవుతుంది.

అయితే సముద్రయానాన్ని బౌధాయన ధర్మసూత్రం పాతకాల్లో చేర్చింది. ఆ కారణంగా విదేశం నుంచి వచ్చినవారికి ప్రాయశ్చిత్తం విధించిన కాలం ఉంది. తిరిగి వచ్చినవాడు ఏం పోగొట్టుకున్నాడని ప్రాయశ్చిత్తం అడిగింది. ఏం పంచాడని సమారాధన అడుగుతుంది. ఈ కాలానికి నిలబడేది రెండో ప్రశ్నే.

ఒంటరి నడక

తోడు కావాలన్న మాటకు ఎదురు వాదం బలమైనదే. వైరాగ్యానికి తోడు అడ్డంకి అంటారు. ఖడ్గమృగపు కొమ్ములా ఒంటరిగా సంచరించమని బౌద్ధుల సుత్తనిపాతంలో ఉపదేశం ఉంది. అయితే అదే సుత్తం, వివేకవంతుడైన సహచరుడు దొరికితే అతనితో కలిసి నడవమని కూడా చెబుతుంది. వద్దన్నది చూపును చెదరగొట్టే గుంపును. చూపును నిలిపే స్నేహాన్ని ఎవరూ వద్దనలేదు.

భారతం ఈ చర్చను ముగించిన తీరు గమనించదగినది. మహాప్రస్థానంలో ద్రౌపది, సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు వరసగా పడిపోతారు. చివరిదాకా ధర్మరాజు వెంట నడిచింది ఒక కుక్క. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కను వదిలి ఎక్కమంటాడు. నమ్మి వెంట వచ్చినదాన్ని విడిచి స్వర్గం చూడనని ధర్మరాజు నిలబడిపోతాడు. అప్పుడు కుక్క రూపంలో ఉన్న ధర్ముడు నిజరూపంలో కనిపించి, ద్వైతవనంలో యక్షుడిగా పరీక్షించినదీ తానేనని చెబుతాడు. బాటసారికి మిత్రుడెవరని కొలను ఒడ్డున అడిగినవాడే, దారి చివర తోడుగా నడిచి జవాబును పరీక్షించాడు. అన్నిటికన్నా గొప్ప దృశ్యం ఎదుట ఉన్నప్పుడు కూడా తోడును వదలకపోవడమే ధర్మమని భారతం తీర్పు.

పరదేశంలో చివరి రోజున మిగిలిన చోట్లన్నీ చూడటం ఎవరికీ సాధ్యం కాదు. తోడు వచ్చిన మనిషితో ఒక్కచోట నిదానంగా నిలబడటం అందరికీ సాధ్యం. పాత తెలుగు ఉత్తరాలు ఉభయకుశలోపరి అని మొదలయ్యేవి. ఇద్దరి క్షేమమూ చెప్పాకే మిగతా సంగతులు. ఇల్లు చేరగానే క్షేమంగా వచ్చామని కబురు పెట్టడం ఇప్పటికీ తెలుగువారి ఆనవాయితీ. పెట్టెలు విప్పకముందే ఆ కబురు, చివరి రోజు వెంట నడిచిన స్నేహితుడికి అందాలి.