సగం మనవాడైతేనే కన్నీళ్లా?

1995లో మణిరత్నం 'బొంబాయి' తెలుగులోనూ ఆడింది. అల్లర్ల మధ్య కవలపిల్లల మీద కిరోసిన్ పోసి, 'హిందువులా, ముస్లింలా?' అని అడుగుతారందులో. తండ్రి హిందువు, తల్లి ముస్లిం. పిల్లల పేర్లు కబీర్ నారాయణ్, కమల్ బషీర్. చూసేవాడికి పేచీ లేదు. ఆ పిల్లలు సగమైనా తనవాళ్లే. హాయిగా ఏడవొచ్చు.

మరి వాళ్లు వొట్టి ముస్లిం పిల్లలే అయివుంటే?

మా ప్రశ్న వొక్క సినిమా గురించి కాదు. మహేశ్ భట్ 'జఖ్మ్' (1998)లో పిల్లవాడి తల్లి ముస్లిం, ఆ సంగతి దాచుకుని బతికిన మనిషి. తండ్రి హిందువు. ఆ తండ్రి వేషం మన నాగార్జునదే. 2007లో విడుదలైన 'పర్జానియా'కు ఆధారం 2002 ఫిబ్రవరి 28న అహ్మదాబాద్ గుల్బర్గ్ సొసైటీలో జరిగిన మారణకాండ. అక్కడ 69 మంది చనిపోయారు. దాదాపు అందరూ ముస్లింలు. సినిమాలో తప్పిపోయిన పిల్లవాడు మాత్రం పార్శీ. నిజంగా వొక పార్శీ కుటుంబానికి తగిలిన దెబ్బే అది. ఆ శోకం ముందు మేం తలవంచుతాం. గుజరాత్‌లో ఆ సినిమా వేయడానికి థియేటర్లవాళ్లు ముందుకు రాలేదు. తీసినవాళ్ల ధైర్యాన్ని మేం తక్కువ చేయం.

కానీ పూర్తిగా ముస్లిం అయిన కుర్రాడు ఎక్కడ కనిపిస్తాడు? 'ఫిజా' (2000)లో. బొంబాయి అల్లర్లలో మాయమైన అమాన్ ఆరేళ్ల తర్వాత తుపాకీతో తేలతాడు. చివరికి తోడబుట్టినదాని చేతుల్లోనే చస్తాడు. అంటే, సగమైతే జాలి, మొత్తమైతే భయం!

'అందరి మనసూ కరగాలంటే ఇదే దారి కదా' అంటారు లౌకికవాద మిత్రులు. కావచ్చు. అయితే చుట్టరికం వుంటేనే పుట్టే జాలిని జాలి అనొచ్చా? తనవాడి కోసం ఎవడైనా ఏడుస్తాడు. అందులో నీతి ఏముంది? కిరోసిన్ డబ్బా పట్టుకున్నవాడు 'ఎవరి పిల్లవాడివిరా?' అని అడిగాడు. మన కన్నీళ్లూ అదే అడుగుతున్నాయి, కాస్త మర్యాదగా.

నందితాదాస్ 'ఫిరాఖ్' (2008) ఆ ప్రశ్న అడగదు. అందులో మొహసిన్ గుజరాత్‌లో అయినవాళ్లను పోగొట్టుకున్న పసివాడు. సగాలేమీ లేవు. ప్రాణభయంతో తలుపు కొట్టినామెకు తలుపు తీయలేకపోయిన వొక హిందూ స్త్రీ, ఆ కుమిలిపోవడంలో వీణ్ణి ఇంటికి తెచ్చుకుంటుంది. వాడు అక్కడ నిలవడు. మళ్లీ శిబిరం చేరతాడు. ఎవర్నీ క్షమించడు, ఎవరి మీదా కత్తి ఎత్తడు. చూస్తూ వుంటాడు, అంతే. ఆ చూపుకి జవాబు చెప్పాల్సింది వాడు కాదు, మనం.

1990 డిసెంబరు కర్ఫ్యూలో హైదరాబాద్ పాతబస్తీలో అమ్మీల కొంగుల చాటున నక్కిన పిల్లలు ఇవాళ బిడ్డల తండ్రులు, తల్లులు. తుపాకులు పట్టలేదు, మహాత్ములూ కాలేదు. ఆటో తోలుతున్నారు, మిషన్ కుడుతున్నారు, దుబాయి నుంచి డబ్బు పంపుతున్నారు. వాళ్ల మంచితనానికి సాక్ష్యం చూపిస్తేనే ఆనాటి వాళ్ల భయం నిజమవుతుందా? భయపడ్డ పసివాడు ఎవరికీ ఏమీ రుజువు చేయనక్కర్లేదు. వాడు పసివాడు. అది చాలాలి.