పొదుపు ఎవరి వంతులోంచి?



చలికాలం వస్తోంది. హీటింగ్ బిల్లు తగ్గించుకోవాలని అందరం చూస్తాం. 1977 ఫిబ్రవరి 2న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ స్వెటర్ వేసుకుని టీవీలో మాట్లాడుతూ, ఇళ్లలో థర్మోస్టాట్ పగలు 65, రాత్రి 55 డిగ్రీలకు తగ్గించమని దేశాన్ని కోరారు.

కిందటి చలికాలం నేనూ 65 పెట్టాను. పగలంతా నేను ఆఫీసులో ఉండేవాణ్ణి. ఇండియా నుంచి వచ్చిన అమ్మ ఇంట్లో ఉండేది. "చలిగా ఉందా అమ్మా?" అంటే "ఏం లేదు నాన్నా" అనేది. బిల్లు తగ్గిందని సంతోషించాను. ఒకరోజు ఇంటి నుంచి పనిచేసినప్పుడు గానీ ఆమె రెండు శాలువాలు కప్పుకుని కూర్చుంటోందని తెలియలేదు. పొదుపు నాది, చలి అమ్మది.

నా చిన్నప్పుడు అమ్మ వంటకు కొలిచిన బియ్యంలోంచి పిడికెడు తీసి దేవుని పనికని వేరే డబ్బాలో వేసేది. అన్నం తగ్గితే తన కంచంలోనే తగ్గేది, మా కంచాల్లో కాదు.

యోహాను 6వ అధ్యాయంలో ఏదీ వృథా కాకూడదని ప్రభువు మిగిలిన ముక్కలు పోగుచేయించాడు. 12 గంపలు నిండాయి. అయితే అది అందరూ తృప్తిగా తిన్న తరువాత.

ఈ ఏడు కిటికీల సందులు మూద్దాం, ఖాళీ గదుల్లో లైట్లు ఆర్పుదాం. పెద్దవాళ్లను అడిగాకే, పసిబిడ్డల చేతులు తాకి చూశాకే డిగ్రీలు తగ్గిద్దాం. మిగిలిన డాలర్లలో ఒక పిడికెడు, బిల్లు కట్టలేక చలిలో ఉన్న ఇంటికి చేరుద్దాం.

ప్రభువు మనకు అట్టి మనసు దయచేయును గాక. ఆమెన్.