నష్టము ఎవరి పద్దు?

మన ఇండ్లలో కుఱ్ఱవాడు డిగ్రీ ముగించి వచ్చిన నాటినుండి ఒకే ప్రశ్న వినవచ్చును: ఉద్యోగమా, సొంత వ్యాపారమా? సమాధానము చెప్పుటకు ఇంటింట పదిమంది సిద్ధముగా నుందురు. లాభమెంత, గిరాకి ఎట్లున్నది, అంగడి ఏ వీధిలో అని అందరును విచారింతురు. వ్యాపారము చెడినచో ఆ నష్టము ఎవరి పద్దున పడునన్న విచారణ మాత్రము అరుదు. నా దృష్టిలో మొదట తేలవలసినది అదియే. అది లెక్కల ప్రశ్న మాత్రమే కాదు, ధర్మప్రశ్న కూడ.

నేను హైస్కూలు చదువుతో ఆగినవాడను. బళ్లారిలో ముప్పది యేండ్లకు పైగా బట్టల వ్యాపారము చేయుచున్నాను. కావున గ్రంథములలోని మాటకంటె చిట్టాలోని మాటయే ఎక్కువగా చెప్పగలను.

మా తమ్ముని కుమారుడు బి.కాం. ముగించెను. బెంగుళూరులో ఒక కంపెనీ లెక్కల విభాగమున ఉద్యోగము కుదిరినది. వానికి మనసు లేదు. మా ఊరు జీన్సు దుస్తులకు పేరుపడినది గదా. కుట్టు యూనిట్ పెట్టుదునని పట్టుపట్టెను. 20 మిషన్లు, అద్దె షెడ్డు, తండ్రి ఇచ్చు 5 లక్షలు, ముద్రా పథకము క్రింద బ్యాంకు అప్పు 10 లక్షలు, అహమ్మదాబాదు గుడ్డ అరువు. కాగితము మీద అంతయు చక్కగా కుదిరినది. గుడ్డ వర్తకుడు జామీను అడిగెనట.

"పెదనాన్నా, మీరు డబ్బేమీ ఇవ్వక్కరలేదు. ఒక్క సంతకం పెడితే చాలు" అన్నాడు.

ఆ మాట నాకు క్రొత్తది కాదు. 1992లో, నా ఇరువదిమూడవ యేట, అక్షరాల అదే మాట మా మేనమామగారితో నేను అంటిని. తండ్రిగారి అంగడిలో కూర్చుండుట నామోషీ అనిపించి వేరుగా రెడీమేడ్ దుస్తుల దుకాణము తెరచితిని. టోకు వర్తకుడు సరకు అరువిచ్చెను. మేనమామగారు జామీను నిలిచిరి. దీపావళికి తెచ్చిన సరకు సంక్రాంతి దాటినను సగము మిగిలినది. రెండవ యేట తలుపులు మూసితిని. టోకు వర్తకుని దోషము లేదు; సరకిచ్చెను, సొమ్మడిగెను. మేనమామగారు మారు మాటాడక కట్టివేసిరి. ఎట్లు కట్టిరో నాకు చాలకాలము తెలియలేదు. అత్తయ్య గాజులు అమ్మిరనియు, వారి అమ్మాయి పెండ్లి రెండేండ్లు వెనుకకు జరిగెననియు తరువాత ఎవరో చెప్పగా వింటిని. ఆ బాకీ తీర్చుటకు నాకు తొమ్మిదేండ్లు పట్టినది. అసలు ఇచ్చితిని, వడ్డీ ఇచ్చితిని. ఆ రెండేండ్లు మాత్రము ఇయ్యలేకపోతిని.

1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము, వేరుగా వ్రాసికొననియెడల, జామీనుదారుని బాధ్యత అసలు బాకీదారుని బాధ్యతతో సమానము. సంతకము చేయునాడు ఇది ఎవరు చదువుదురు? వావివరుసలు చూచి సంతకము చేయుదురు.

ఈ కథ చెప్పగా మావాడు ఊరకుండలేదు. "అలా అనుకుంటే ఎవరూ వ్యాపారం చెయ్యలేరు కదా పెదనాన్నా. తాతయ్య కూడా అరువు సరకుతోనే మొదలుపెట్టాడు" అన్నాడు.

ఆ మాట నిజమే. అరువు లేక వర్తకము లేదు. అరువిచ్చు వర్తకుడు సొమ్ము మునుగవచ్చునని ఎఱిగి, దానికి తగినట్లు ధర వేసికొనియే ఇచ్చును. అది ఇరువురు తెలిసి చేసికొన్న బేరము. తెలియనివాని తలపైనను, కాదనలేనివాని తలపైనను మోపిన నష్టము వేరు. కొడుకు అడిగినప్పుడు నగలు తీసి ఇచ్చు తల్లి కాదనలేదు. శనివారము కూలి అందునని నమ్మి వారమంతయు మిషను త్రొక్కిన కార్మికునికి మన ఖాతాలో ఎంతయున్నదో తెలియదు. 2015లో ప్రారంభమైన ముద్రా పథకమున తాకట్టు అడుగరు, మంచిదే. కాని తాకట్టు లేదన్నంత మాత్రమున ఆ సొమ్మునకు యజమాని లేడని కాదు. బ్యాంకు సొమ్మనగా ఎందరో దాచుకొన్న సొమ్ము. జీన్సు ఉతికిన రంగునీరు ఏ కాలువలో కలియునో, ఆ కాలువ ప్రక్క నివసించువారిని ఎవరును అడుగరు. వారును మనకు తెలియకుండ మన పెట్టుబడిదారులే.

మన సొమ్మును పణముగా పెట్టినప్పుడు దానిని ధైర్యమందుము. ఇతరుల సొమ్మును వారెఱుగకుండ పణము పెట్టినచో దానికి ఆ పేరు చెల్లదు. దొంగసొమ్ము కొనుట, తప్పుడు తూనికలు, కల్తీ సరకు అచౌర్య వ్రతమునకు అతిచారములని తత్త్వార్థసూత్రము చెప్పుచున్నది. నష్టభయమును దాచి సంతకము అడుగుట ఆ జాబితాలో పేరుతో లేదు. కాని ఆ వరుసలో కూర్చుండదగినదేయని నాకు తోచుచున్నది.

సాహసము వలదని నా భావము కాదు. 1882లో షోలాపురమున జైన వర్తక కుటుంబములో జన్మించిన వాల్‌చంద్ హీరాచంద్ గారు ఇంటి వ్యాపారమును విడిచి రైలుమార్గముల కాంట్రాక్టులో దిగిరి. దిగునప్పుడు రైల్వేలో గుమాస్తాగా పనిచేసి ఆ పని ఎఱిగిన ఒకరిని భాగస్థునిగా చేర్చుకొనిరి. ఓడల కంపెనీ 1919లో. విశాఖపట్టణమున ఓడల నిర్మాణశాలకు శంకుస్థాపన 1941లో. మన యువకులు ఓడలను చూచి మెచ్చుకొందురు. ముందు చేసిన రైలు పనిని మరతురు.

మన గృహస్థులు పరిగ్రహ పరిమాణ వ్రతము పట్టి, ఇంతకు మించి ఆస్తి ఉంచుకొననని హద్దు గీసికొందురు. వ్యాపారము ఆరంభించువాడు నష్టమునకు కూడ అట్టి హద్దు గీసికొనవలెను: ఇంత పోయినచో ఆపివేయుదును అని. అదియు మనసు ప్రశాంతముగా నున్నప్పుడే, నలుగురికి చెప్పి, కాగితము మీద పెట్టవలెను. నష్టము మొదలైన తరువాత "ఇంకొక్క నెల" అన్న మాట తప్ప చెవికి వేరొకటి ఎక్కదు. పెండ్లిండ్ల కాలము రానిమ్మని నేను ఆరు నెలలు సాగదీసితిని. నాకు వచ్చిన నష్టములో సగమునకు పైగా ఆ ఆరు నెలలలో వచ్చినదే.

ఇక నా తప్పొకటి చెప్పవలెను. మావాడు అడిగిన దినమున "ఉద్యోగంలో చేరు, ఇక మాట్లాడొద్దు" అని కసరితిని. రాత్రి నిద్ర పట్టలేదు. ఇష్టము లేని కుర్చీలో జీవితమంతయు కూర్చుండుట కూడ నష్టమే. అది వాని పద్దున పడును. పెద్దలమగు మనము ఆ నష్టమును ఎన్నడును లెక్కింపము. ఎప్పటిదో నా భయమును నేను వాని పద్దున వ్రాయబోతిని. అదియు అడుగకుండ మోపిన బరువే కదా!

మరునాడు మేమిద్దరము కూర్చొని మరల లెక్క వేసితిమి. జామీను సంతకము పెట్టలేదు. మావాడు ఎఱిగినవారి యూనిట్‌లో పది నెలలు జీతమునకు పనిచేసి, గుడ్డ కోత మొదలు బాకీ వసూలు వరకు చూచెను. చిన్న పరిశ్రమలకు 45 దినములలో సొమ్ము చెల్లింపవలెనని 2006 నాటి చట్టము చెప్పుచున్నను, గిరాకిదారునిపై ఫిర్యాదు చేసి మరల వానికే సరకు అమ్ముట ఎంత కష్టమో అక్కడనే తెలిసికొనెను. ఇప్పుడు 20 కాదు, 4 మిషన్లతో మొదలుపెట్టినాడు. నేను 3 లక్షలు ఇచ్చితిని; పోయినచో అడుగనని మా ఇంటిదానితో ముందే చెప్పి, ఆమె సరేయన్న తరువాతనే ఇచ్చితిని. గుడ్డ రొక్కమునకే కొనుచున్నాడు. కార్మికుల ఒక నెల కూలి వేరు ఖాతాలో నున్నది. ఉతుకు పనిని నీరు శుద్ధిచేయు ఏర్పాటున్న చోటికే పంపుచున్నాడు. జత ఒక్కంటికి కొంత ఎక్కువే పడుచున్నది.

ప్రారంభించి ఐదు నెలలైనది. లాభము లేదు, నష్టమును లేదు. రేపు ఏమగునో నేను చెప్పలేను. ఒకవేళ చెడినను, ఏ ఇంటిలోను ఏ ఆడపిల్ల పెండ్లియు ఆగదు. ఆ మాట మాత్రము నిబ్బరముగా చెప్పగలను.