పిల్లలకు పనిలో వాటా

మహమ్మద్‌నగర్, నిజాంసాగర్, ఎల్లారెడ్డి వైపు ఊళ్లలో పెరిగినవాళ్లెవరినైనా అడగండి, చిన్నప్పుడు ఇంట్లో తమ పనేమిటో తడుముకోకుండా చెబుతారు. ఎండాకాలం మిద్దె మీద ఆరబోసిన వడియాల దగ్గర కాకులకు కాపలా. చింతపండు గింజ తీయడం. మామిడికాయలు కడిగి, పొడిబట్టతో తుడిచి, కత్తిపీట ముందు కూర్చున్న అమ్మకు అందించడం. ఇవి పిల్లలను ఊరికే కూర్చోబెట్టడానికి కల్పించిన పనులు కావు. కాపలా పిల్ల నిద్రపోతే వడియాలు కాకుల పాలు. ఒక్క కాయకు తడి మిగిలితే జాడీ అంతా బూజు. తన పని మీద ఇంటి తిండి ఆధారపడి ఉందని ఐదారేళ్ల పిల్లకు కూడా ఎవరూ చెప్పకుండానే తెలిసేది.

విదేశంలో పెరుగుతున్న మన పిల్లలకు కరువైంది ఇదేనని నా గట్టి నమ్మకం. ఆదివారం తెలుగు బడి ఉంది. బతుకమ్మకు కొత్త లంగా జాకెట్లున్నాయి. కూచిపూడి, ఈత, చదరంగం, లెక్కల పోటీలు, అన్నిటికీ కారులో దింపి తెచ్చే తల్లిదండ్రులున్నారు. వాళ్ల కోసం మనం చేసేవే అన్నీ. మన కోసం వాళ్లు చేయాల్సింది ఒక్కటీ లేదు. విలువలు నేర్పాలని ప్రతి సభలోనూ మాట్లాడుకుంటాం. కానీ తన అవసరం లేని ఇంట్లో పెరిగిన పిల్లకు బాధ్యత ఎక్కణ్నుంచి వస్తుంది?

మా ఊళ్లలో పిల్లలకు అది ఆడవాళ్ల పెరటి పనిలో వచ్చేది. కానీ మా ప్రాంతం పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది నిజాంసాగర్. 1923లో మొదలుపెట్టి 1931 నాటికి మంజీర మీద కట్టి ముగించిన ఆనకట్ట. నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో కట్టిన ఆ ప్రాజెక్టు కాలువలతో వరి వచ్చింది, చెరకు వచ్చింది. ఆ కథ మగవాళ్లు బాగా చెబుతారు. ఆడవాళ్ల సేద్యం దానికన్నా పాతది. అది పెరట్లో, జాలాడు పక్కన ఉండేది. స్నానాల నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు వృథా కాకుండా బీర పాదుకో, ఆనిగెపు (సొర) తీగకో, పుంటికూర (గోంగూర) మడికో చేరేవి. తీగ కోసం ఎవరూ ప్రత్యేకంగా నీళ్లు తోడేవాళ్లు కాదు.

పండినది పండినప్పుడు తినేస్తే ఎండాకాలం కూర ఉండదు. అందుకే ఒరుగులు. వంకాయ, కాకర, మామిడి ముక్కలు కోసి ఎండబెట్టి డబ్బాలో దాస్తే ఆకు కూడా దొరకని నెలల్లో అవే కూర. మిరపకాయకు నిలువునా గాటు పెట్టి, ఉప్పు కలిపిన చల్లలో రాత్రంతా నానబెట్టి, పగలు ఎండబెట్టి, మళ్లీ అదే చల్లలో వేసి, ఆ చల్లంతా కాయలే తాగేదాకా చేస్తే చల్ల మిరపకాయలు. అల్లం వెల్లుల్లి వేసి, కాచి చల్లార్చిన పల్లినూనె పోసి కలిపిన మామిడికాయ తొక్కు ఏడాదంతా ఉండేది. ఇంటి విత్తనం బూడిద కలిపి పెట్టుకునేవాళ్లు. మాకు ఎగువన, జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు ఇదే పద్ధతిని ఉద్యమంగా నిలబెట్టారు. వెదురు బుట్టల్లో, బూడిదతో, వేపాకుతో చిరుధాన్యాల విత్తనాలు దాచుకుని, సంక్రాంతి నాళ్లలో ఎడ్లబండ్ల మీద ఊరూరా తిప్పి పాత పంటల జాతర చేశారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి ఆ సంస్థకు వచ్చింది. ఆ మహిళల్లో చాలామంది బడి ముఖం చూడనివాళ్లు. ఏ నేలలో ఏ గింజ, ఏ గింజతో ఏ గింజ అన్నది వాళ్లకు అమ్మల పక్కన పనిచేస్తూనే వచ్చింది.

మా కామారెడ్డి జిల్లా నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్ల ఇళ్లను కూడా ఇక్కడ తలచుకోవాలి. ఇంటాయన దుబాయ్‌లోనో సౌదీలోనో క్యాంపు గదిలో ఉంటాడు. అక్కడ పెరడూ లేదు, పిల్లలూ లేరు. ఊళ్లో భార్య పిల్లలతో ఇల్లు నడుపుతుంది. సెలవు ముగించుకుని వెళ్లే మనిషి సామానులో తొక్కు డబ్బా తప్పకుండా ఉంటుంది. ఆ డబ్బాకు కాయలు తుడిచిన చేతులు పిల్లలవి. నాన్న కోసం వాళ్లు చేయగలిగిన పని అది, ఆ ఇంట్లో దానికున్న విలువ ఎంతో వాళ్లకు తెలుసు.

విదేశంలోనూ పిల్లలకు అలాంటి పని ఇవ్వవచ్చు. నేనుండే టెక్సాస్‌లో డాలస్ చుట్టూ ఎండ మనకు అలవాటైనదే. మార్చి నడుమ ఆఖరు మంచు దాటితే బెండ, బీర, పుంటికూర హాయిగా వస్తాయి. న్యూజెర్సీలో మే నడిమి దాకా ఆగాలి, అంతవరకు నారు ఇంట్లో కిటికీ దగ్గర పెంచాలి. పుంటికూరకు పొద్దు తగ్గితేనే పూత, కాబట్టి వేసవంతా ఆకు కోస్తూనే ఉండవచ్చు.

పిల్లలకు అసలైన పని ఆనిగెపు తీగ దగ్గర దొరుకుతుంది. దాని తెల్లపూలు సాయంత్రం విచ్చుకుంటాయి. పగటి తేనెటీగలు అప్పటికి తగ్గిపోతాయి. రాత్రి పురుగులు రాకపోతే పిందె పట్టదు, పసుపు రంగుకు తిరిగి రాలిపోతుంది. మగపువ్వు కోసి ఆడపువ్వుకు చేత్తో రుద్దాలి. ఆడపువ్వు కింద చిన్న కాయ ఉంటుంది, చూడగానే తెలుస్తుంది. మా ఇంట్లో ఆ పని మా అమ్మాయిది. మేమెవరం చేయం. తను మరిచిన సాయంత్రపు పిందెలు రాలిపోయాయి, ఆ కూర మాకు లేకుండాపోయింది. ఎవరూ తిట్టలేదు, కానీ ఆ నష్టాన్ని దాచలేదు కూడా. ఇప్పుడు బడి పని ముగించి తనే వెళుతుంది.

ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల సంగతి అందరూ ఆలోచించాల్సింది. విజిటర్ వీసా మీద ఆరు నెలలకు వస్తారు. అందరూ ఆఫీసుకూ బడికీ వెళ్లాక టీవీ ముందు కూర్చుంటారు. కారు నడపలేరు, మాట్లాడే మనిషి ఉండడు. అదే మనిషి పెరట్లోకి దిగితే వేరు. "బిడ్డా, కాయల తడి ఆరినంకనే తొడిమె తియ్యాలె. ముందుగాల తీస్తే నీళ్లు లోపలికి పోతయ్" అని మా అమ్మ చెప్పగానే మనవరాలు చేయి ఆపి వింటుంది. అక్కడ నాయనమ్మ అతిథి కాదు, తెలిసిన పెద్దమనిషి. పిల్లలకు తెలుగు కూడా అక్కడే సులువుగా వస్తుంది, ఎందుకంటే అర్థం కాకపోతే పని చెడుతుంది.

నిల్వ విషయంలో ఒక హెచ్చరిక. మన తొక్కును కాపాడేది పులుపూ ఉప్పూ కలిసి. పీహెచ్ 4.6 కన్నా తక్కువగా ఉండేంత పులుపులో బొట్యులిజం విషం తయారుచేసే సూక్ష్మజీవి పెరగదు. మామిడికి, పుంటికూరకు ఆ పులుపు సహజంగా ఉంది. వెల్లుల్లిని ఉత్త నూనెలో వేసి బయట ఉంచితే ఆ రక్షణ లేదు. బెండ, చిక్కుడు వంటివాటిని సీసాలో మూతపెట్టి మరిగే నీళ్లలో ఉంచడం చాలదు, ప్రెషర్ కానర్ కావాలి. బీపీ అని ఉప్పు తగ్గించిన తొక్కును ఫ్రిజ్‌లో పెట్టండి. జార్జియా విశ్వవిద్యాలయం నడిపే ఆహార నిల్వ కేంద్రం కొలతలు అందరికీ ఉచితంగా ఇస్తుంది. పిల్లలతో కలిసి చదవండి, వాళ్లతోనే తూయించండి.

విత్తనాలను చీరల మడతల్లో దాచి తేవడం మానుకుందాం. అమెరికా వ్యవసాయశాఖ కోరేది ఫైటోశానిటరీ సర్టిఫికెట్, లేదా కొద్దిపాటి విత్తనాలకు ఇచ్చే అనుమతి పత్రం. కరివేపాకు మొక్క మరీ జాగ్రత్త. నిమ్మజాతి చెట్లను చంపే గ్రీనింగ్ తెగులును మోసే సిల్లిడ్ పురుగు దాని మీద బతుకుతుంది. అందుకే టెక్సాస్, ఫ్లోరిడా వంటి చోట్ల నుంచి ఆ మొక్కను మరో రాష్ట్రానికి తీసుకుపోవడానికి ఆంక్షలున్నాయి. ఇంకొకరి తోట పాడుచేసి మన పెరడు పెంచుకోవడం పిల్లలకు నేర్పాల్సిన విలువ కాదు.

ఇక్కడి మన తెలుగు సంఘాల కార్యవర్గాలకు నా విన్నపం ఒకటి. ఫిబ్రవరి సమావేశంలో ఒక బల్ల విత్తనాలకు కేటాయించండి. ఇక్కడే పండించి, ఇక్కడే ఎండబెట్టిన పుంటికూర, ఆనిగెపు, బీర గింజలను పొట్లాలు కట్టి, పేరు తెలుగులో రాసి, పంచే బాధ్యత పిల్లలకే అప్పగించండి. పెద్దలు బల్లకు ఇవతలే నిలబడండి.