వసంతదూతలు

శ్రీమద్భగవద్గీత పదవ అధ్యాయమున శ్రీకృష్ణ పరమాత్మ అర్జునునకు తన విభూతులను తెలుపుచు, ఋతువులలో తాను వసంతమనియు, పక్షులలో తాను గరుత్మంతుడనియు వచించెను. వసంతమునకును పక్షులకును గల సంబంధము మాఘమాసపు చివరి దినములలో, ఫాల్గుణమున చక్కగ తెలియవచ్చును. చలి వెనుదీయుచున్నదని పంచాంగము కంటె ముందుగ చాటునవి పక్షులే. దీనిని చూచుటకు అరణ్యములకు పోనక్కరలేదు. భాగ్యనగరమునకు తూర్పుననున్న ఉప్పల్, నాచారం ప్రాంతములందు, జనసమ్మర్దము గల రహదారుల ప్రక్కనే ఈ వింత ఏటేట జరుగుచున్నది.

ఒకనాడు పల్లెలుగ నుండిన ఈ తావులు నేడు కర్మాగారములతో, మేడలతో, మెట్రో రైలు మార్గముతో నిండియున్నవి. ఐనను ఉప్పల్ నల్లచెరువు, నాచారం పెద్దచెరువు, దక్షిణమున మూసీనది, విశాలములైన ఆవరణలలో మిగిలిన వృక్షములు పక్షులకు ఆశ్రయమిచ్చుచున్నవి. 1931లో సలీం ఆలీ హైదరాబాదు సంస్థానమున సంచరించి పక్షులను పరిశీలింప నారంభించెను. నేడు ప్రతి సంవత్సరము ఫిబ్రవరి మధ్యమున ప్రపంచమంతట నాలుగు దినములు జరుగు పక్షుల గణనలో సామాన్య గృహస్థులును పాల్గొనుచున్నారు. ఇందులకు కావలసినది పదునైదు నిమిషముల ఓపిక మాత్రమే.

ఓపికతో చూచువారికి కనబడునదేమి? శీతకాలమున పసుపు, బూడిద వన్నెలతో నుండిన మగ తేనెపిట్ట క్రమముగ నీలలోహిత కాంతితో మెరయు నల్లని రెక్కలను ధరించును. ఆడుపక్షి సాలెపట్టు దారములతో వ్రేలాడు సంచివంటి గూటిని అల్లును. ఎండిన కొమ్మపై కూర్చున్న కంసాలిపిట్ట, రాగిరేకుపై సుత్తి కొట్టినట్లు టుక్కు టుక్కుమని విడువక ధ్వనించును. పశువుల వెంట తిరుగు తెల్లకొంగ తలపైన, మెడపైన కాషాయపు ఛాయ రానారంభించును. బూరుగ, మోదుగ పూచిన చోట గులాబివన్నె గోరువంకలు గుంపులుగ వ్రాలి తేనె త్రాగి, మధ్య ఆసియాలోని తమ స్వస్థానములకు మరలిపోవుటకు సన్నద్ధమగును.

ఈ మార్పులకెల్ల ముఖ్య కారణము పగటి నిడివి పెరుగుటయని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. హెచ్చుచున్న వెలుతురును పక్షి దేహము గ్రహించును; దానివలన లోపలి గ్రంథులు మేల్కొనును; అటుపై గానము, గూడుకట్టుట మొదలగును. కోకిల శీతకాలమునను మన చెట్లపైననే యుండును గాని నోరు విప్పదు. కనుక వసంతమున అది క్రొత్తగ వచ్చినట్లు మనకు తోచును. జీవునియందు భక్తియు నిట్టిదే. అది ఎక్కడనుండియో తెచ్చి పెట్టవలసినది కాదు. భగవత్కృప యను వెలుగు సోకినపుడు, లోననే యుండి మౌనము వహించిన శేషత్వజ్ఞానము గొంతు విప్పును.

కోకిలకు సంస్కృతమున పరభృతమని పేరు. ఇతరులచే పెంపబడినదని దాని అర్థము. ఆడుకోకిల కాకిగూటిలో గ్రుడ్డు పెట్టును; కాకి దానిని పొదిగి, పిల్లకు నోటికందించి పెంచును. దేవకి కన్న బిడ్డ యశోద యొడిలో పెరిగిన కథ వినిన వైష్ణవులకు ఈ వృత్తాంతము క్రొత్తది కాదు. కోకిలను పొగడి కాకిని తరుముట లోకమునకు అలవాటు. కాని ఎవ్వరును రక్షింపని కాకాసురుడు తుదకు శ్రీరామచంద్రుని పాదములపై పడగా, అపరాధియైనను ప్రాణము దక్కించుకొనెను. మన పూర్వాచార్యులు శరణాగతికి ఆ కాకినే ఉదాహరణముగ చూపిరి. ఇట్లుండ, మనము చిన్నచూపు చూడదగిన పక్షి యేది?

నమ్మాళ్వారు తిరువాయ్‌మొళిలో నాయికాభావమున కొంగను, కోకిలను, హంసను భగవంతునికడకు దూతలుగ పంపిరి. ఆ పక్షులు ఆచార్యులనియు, వాని రెండు రెక్కలు జ్ఞానమును అనుష్ఠానమును అనియు పెద్దలు వివరించిరి. ఒక రెక్కతో పక్షి యెగురజాలదు. కులశేఖరాళ్వారు రాజయ్యును, తిరువేంకటాద్రిపై పుష్కరిణిలో కొంగగ జన్మించు భాగ్యము చాలునని కోరిరి. ఆ మహనీయుడు కోరిన జన్మము నెత్తిన కొంగ నల్లచెరువు గట్టున నిలిచియున్నపుడు, దాని కాలిక్రింది నీరు ఎట్లున్నదో భక్తులు విచారింపవద్దా?

ఆ నీటిలో మురుగు కలియుచున్నది, గుర్రపుడెక్క అల్లుకొనుచున్నది. పూజానిర్మాల్యమును ప్లాస్టిక్ సంచితో సహా చెరువులో విసరి, పుణ్యకార్యము చేసితిమని తృప్తిపడువారును గలరు. స్వామికి అర్పించిన పుష్పము స్వామి సృష్టించిన ప్రాణికి విషమగుట అపచారము. ఆ పూవులను చెట్టు మొదట పాతిపెట్టిన ఎరువగును. సంక్రాంతికి ఎగురవేయు నైలాను దారమును జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతట నిషేధించెను. అయినను పండుగ గడచిన పిమ్మట చెట్ల కొమ్మలలో చిక్కుకొన్న దారపు పోగులు, గూటికై పుల్లలు ఏరుకొను పక్షుల రెక్కలను, కాళ్లను కోయుచున్నవి. చేతికందిన పోగును తీసి పారవేయుటకు ధనమక్కరలేదు. ప్రమాదము లేని చోట ఎండిన కొమ్మను నరకక వదలిన, కంసాలిపిట్ట దానిని తొలిచి కాపురముండును. ఎండలు ముదురకముందే మేడపై నీడలో మట్టిమూకుడుతో నీరుంచి, ప్రతిదినము కడిగి నింపుట ఇంటిలోని పిల్లలును చేయగల కైంకర్యము.

రావణునితో పోరి రెక్కలు తెగి నేలకూలిన జటాయువునకు శ్రీరాముడు స్వయముగ ఉత్తరక్రియలు జరిపెను. శ్రీవైష్ణవులు ఆ పక్షిరాజును పెరియ ఉడైయార్ అని గౌరవించుచున్నారు. రెక్క తెగిన పక్షిని చూచి కన్నీరు విడిచిన ప్రభువును సేవించువారు, తమ వీధిలోని పక్షి రెక్క తెగకుండ కాచుట ధర్మము. ఉదయమున తిరువారాధనమునకు ముందు ఒక్క నిమిషము చెవియొగ్గిన, ఉప్పల్‌లోనైనను, నాచారంలోనైనను, మరే యూరిలోనైనను వసంతదూత పిలుపు వినవచ్చును. ఆ పిలుపునందు స్వామి విభూతిని దర్శించు భాగ్యమును, దానిని కాపాడు బుద్ధిని శ్రియఃపతి మనకెల్లరకు ప్రసాదించుగాక!