చుక్కి తరఫున ఒప్పుకోవడం

పిల్లికి లుకేమియా వైరస్ ఉందని తేలాక ఇంట్లో అందరూ అడిగేది ఒక్కటే: మందుందా? ఆ వైరస్‌ను ఒంట్లోంచి పూర్తిగా వెళ్లగొట్టే మందు ఇంతవరకూ లేదు. దాని జోరు తగ్గిస్తాయని ఆశపెట్టే మందులు కొన్ని ఉన్నాయి. వేరే జబ్బుల కోసం తయారై ఇటు వచ్చినవే వాటిలో ఎక్కువ. మా చుక్కికి అవి వాడాలా వద్దా అని చుక్కినే అడిగే వీల్లేదు. దాని తరఫున ఒప్పుకోవాల్సింది నేను, సూది పొడిపించుకోవాల్సింది అది.

చుక్కి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పుట్టిన పిల్లి. రక్తపరీక్ష కిట్ మీద గీత కనబడగానే డాక్టరుగారు, "ఒక్క టెస్టు చూసి కంగారు పడకండి మేడమ్, కొన్ని వారాలాగి మళ్లీ చేద్దాం" అన్నారు. అది ఓదార్పు కోసం అన్న మాట కాదు. ఈ వైరస్ సోకిన పిల్లులన్నిటి కథా ఒకేలా నడవదు. కొన్ని దాన్ని మొదట్లోనే వదిలించుకుంటాయి. కొన్నిటిలో అది కొన్నాళ్లు రక్తంలో కనబడి, తర్వాత పరీక్షకు దొరక్కుండా ఎముక మజ్జలో అణిగి ఉంటుంది. మిగిలినవాటిలో రక్తంలోనే తిష్ఠ వేసి రక్తహీనతగానో లింఫోమా అనే క్యాన్సర్‌గానో బయటపడుతుంది, లేదా చిన్న ఇన్‌ఫెక్షన్‌నైనా తట్టుకోలేని స్థితికి తెస్తుంది. ఈ చివరి రకం పిల్లుల్లో చాలావరకు మూడేళ్లలోపే పోతాయి. బయట తిరగనివ్వకుండా, పచ్చిమాంసం పెట్టకుండా, ఏ చిన్న నలత వచ్చినా వెంటనే చూపిస్తూ పెంచితే ఇంకొన్నేళ్లు హాయిగా గడిపేవీ ఉన్నాయి.

మందుల గురించి ఆలోచించేవాళ్లు ముందుగా తలకెక్కించుకోవాల్సింది ఇదే అనుకుంటాను. ఏ మందూ లేకుండానే కొన్ని పిల్లులకు పాజిటివ్ నెగెటివ్ అవుతుంది. ఆ వారాల్లో మనం ఏ చుక్కలు వేసినా, ఏ కషాయం పట్టినా పేరు దానికే వస్తుంది. మా పిల్లికి తగ్గింది అని ఎవరైనా చెబితే అబద్ధమాడుతున్నారని కాదు. తగ్గింది నిజమే, దేనివల్ల తగ్గిందో చెప్పగలిగే స్థితిలో మాత్రం వాళ్లు లేరు. అది చెప్పాలంటే మందు పడని పిల్లులు కూడా కొన్ని ఉండాలి, వాటి లెక్కా ఎవరో రాయాలి.

అలా రాసిన లెక్కలు తక్కువే. 2004లో అచ్చయిన ఒక అధ్యయనంలో జబ్బు లక్షణాలున్న 81 పిల్లులను తీసుకుని, కొన్నిటికి ఇంటర్‌ఫెరాన్ ఒమేగా అనే మందు ఇచ్చారు, కొన్నిటికి ఉత్తుత్తి సూది వేశారు. తొమ్మిది నెలలు తిరిగేసరికి మందు పడ్డవాటిలో నూటికి 39 చనిపోయాయి, పడనివాటిలో 59. ఏడాదికి చూస్తే మందు పడ్డవాటిలో ఆ అంకె 47కి పెరిగింది. తేడా ఉంది, కానీ తరుగుతూ పోతోంది. ఈ అంకెల మీద నేను చాలా రాత్రులు కూర్చున్నాను. నన్ను పట్టుకున్నది మందు పడని పిల్లులు. వాటిని తెచ్చినవాళ్లకు కూడా వాటి మీద నాకున్నంత ప్రేమే ఉండి ఉంటుంది. తమ పిల్లికి ఏ సూది పడుతోందో తెలియకుండానే ఒప్పుకున్నారు. వాళ్లు ఒప్పుకోబట్టే ఆ 39 పక్కన 59 అనే అంకె ఉంది, అది ఉండబట్టే నేనివాళ ఆలోచించగలుగుతున్నాను.

ఆ ఇంటర్‌ఫెరాన్‌ను పట్టుపురుగుల్లో తయారుచేస్తారు. హిందూపురం మార్కెట్లో రాసులు పోసిన పట్టుగూళ్లను చూసినవాళ్లకు, చీర కోసం ఎన్ని పురుగులు పోతాయో వేరే చెప్పక్కర్లేదు. పిల్లి ప్రాణం కోసం కూడా పోతున్నాయి. దీనికి నా దగ్గర సమాధానం లేదు. లెక్కలోంచి వాటిని తీసేయడం మాత్రం నాకు ఇష్టం లేదు.

ఇంకో మందు జిడోవుడిన్. హైదరాబాద్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల నుంచి దేశదేశాలకు వెళ్లే హెచ్‌ఐవీ మందుల్లో ఇదొకటి. 1964లో అమెరికాలో జెరోమ్ హార్విట్జ్ దీన్ని క్యాన్సర్ కోసం తయారుచేశాడు. లుకేమియా ఉన్న ఎలుకల మీద పనిచేయకపోవడంతో అది మూలన పడింది. సరిగ్గా ఆ ఏడాదే స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో విలియం జారెట్, ఒకే ఇంటి పిల్లులకు వరసగా లింఫోమా రావడమేంటని వెతుకుతూ పిల్లుల లుకేమియా వైరస్‌ను కనిపెట్టాడు. దాదాపు పాతికేళ్లు గడిచాక, 1987లో, ఆ విఫలమైన మందే ఎయిడ్స్‌కు అనుమతి పొందిన మొదటి మందు అయింది. ఓడిపోయిన ప్రయోగాన్ని ఎవరో కాగితం మీద పెట్టి ఉంచారు కాబట్టే ఇంకెవరో దాన్ని దుమ్ము దులిపి తీయగలిగారు. అయితే పిల్లుల్లో ఈ మందు ఎర్ర రక్తకణాలను తగ్గిస్తుంది. చుక్కికి ఉన్న బాధే రక్తహీనత.

హెచ్‌ఐవీకే వాడే రాల్టెగ్రావిర్‌ను కూడా పిల్లులకు ఇచ్చి చూశారు. వాడినంతకాలం వైరస్ తగ్గింది, ఆపగానే మళ్లీ పెరిగింది. రెట్రోవైరస్ స్వభావమే అది, కణంలోని జన్యువుల్లో తన ప్రతిని అతికించి కూర్చుంటుంది. ఇక మాత్ర మొదలుపెడితే ముగింపు ఉండదు. పిల్లికి మాత్ర వేయడమంటే ఏమిటో వేసినవాళ్లకే తెలుస్తుంది. తువ్వాల్లో చుట్టి, దవడ తెరిచి, గొంతులోకి తోసి, మింగేదాకా నోరు మూసి పట్టుకోవాలి. ఆసుపత్రిలో సూది వేసిన మనిషిని పిల్లి ఆసుపత్రిలోనే వదిలేసి వస్తుంది. ఇంట్లో మాత్ర వేసే చెయ్యీ అన్నం పెట్టే చెయ్యీ ఒకటే. కొన్నాళ్లకు ఆ చెయ్యి కనబడగానే మంచం కిందికి దూరుతుంది. రేపు బాగుంటావు అని దానికి చెప్పలేం. దానికి తెలిసేది ఈ పూట ఒళ్లు ఎలా ఉంది, ఈ మనిషి దగ్గర భయం ఉందా లేదా అన్నదే.

ఈ లెక్క ఒక్కటే పట్టుకుంటే కూడా తప్పవుతుందని ఎఫ్‌ఐపీ నేర్పింది. అది పిల్లులకు కరోనా జాతి వైరస్ వల్ల వచ్చే వేరే జబ్బు, ఒకప్పుడు వస్తే చావే. కాలిఫోర్నియాలో నీల్స్ పెడర్సెన్ బృందం జీఎస్-441524 అనే మందును 31 పిల్లుల మీద వాడి, 25 నిలిచాయని 2019లో ప్రకటించింది. ఆ మందు బజారులో లేకపోవడంతో ఎన్నో దేశాల్లో జనం దొంగచాటుగా తెప్పించుకుని, రోజూ మంటపుట్టే సూదులు 84 రోజులు తమ చేత్తోనే పొడిచారు. ఈ పూట బాధ ఒక్కటే చూసుకుని వాళ్లు ఆగిపోయి ఉంటే ఇవాళ బతికున్న ఎన్నో పిల్లులు ఉండేవి కావు. కాకపోతే ఆ బాధకు అవతలి ఒడ్డు ఉంది. ఆ వైరస్ జన్యువుల్లో దాక్కోదు, ఒళ్లు దాన్ని తుడిచేయగలదు. లుకేమియా వైరస్‌కు అలాంటి ఒడ్డు ఇప్పటివరకు ఎవరూ చూపలేదు. ఎఫ్‌ఐపీ ధైర్యాన్ని ఇక్కడికి అరువు తెచ్చుకోవడం చుక్కికి న్యాయం కాదు.

"దాని ఆయుష్షు ఎంతుందో అంతే అనుకోమ్మా, ఎందుకు దాన్ని హింసపెట్టడం" అన్నారు పక్కింటి పిన్నిగారు. ఆవిడ రోజూ సెల్లార్ పిల్లులకు పాలన్నం పెట్టే మనిషి. మాటలో కరుణే ఉంది. నేను మాత్రం అంత తొందరగా తలవంచలేను. ఎండ పడే కిటికీ కోసం ఇంకా గెంతుతున్న ప్రాణి అది.

డాక్టరుగారు చివరికి చెప్పింది మనుషుల ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా, చాలా తక్కువ మోతాదులో నోట్లో వేసే చుక్కలు. ఖర్చు తక్కువ, దుష్ఫలితాలూ తక్కువే. ఉత్తుత్తి మందుతో పోల్చి చూసిన ఒక పరిశీలనలో మాత్రం దానివల్ల తేడా కనబడలేదని ఆయనే చెప్పారు. ఆ నిజాయితీ వల్లే ఒప్పుకోగలిగాను. జిడోవుడిన్ వద్దన్నాను, ఎర్రకణాలు పెరిగేదాకా ఆ మాట ఎత్తనని కూడా అన్నాను. చుక్కలు వేసేటప్పుడు చుక్కి నా చేతిని చూసి పారిపోవడం మొదలుపెడితే ఆ రోజే ఆపేస్తాం. వాటితో పాటు తిండి, బరువు, రక్తపరీక్షల వివరాలు ఒక పుస్తకంలో రాస్తున్నాం. ఇక్కడ మందు పడని పిల్లి లేదు కనుక ఇది ఏదీ రుజువు చేయదని ఇద్దరికీ తెలుసు. అయినా చుక్కి కోలుకుంటే ఎంత వివరంగా రాస్తారో, చనిపోతే కూడా అంత వివరంగానే రాసి ఉంచమని ఆయన్ని అడిగాను. సరేనన్నారు.